తుపాకీ పట్టనివాళ్లనూ అడగండి

హింసాత్మక ఉద్యమాల మీద మన దగ్గర పుస్తకాలకు, ఆత్మకథలకు, పోలీసు నివేదికలకు కొదవ లేదు. దాదాపు అన్నీ అడవిలోకి వెళ్లినవాడి చుట్టూనే తిరుగుతాయి. వాడు ఎందుకు వెళ్లాడంటే ఊళ్లో అన్యాయం జరిగింది గనక అంటాం, అక్కడితో సరిపెట్టుకుంటాం. కడుపుమంటే మనిషి చేతికి తుపాకీ ఇస్తుందన్నది నిజమైతే అమీన్‌పూర్, బొల్లారం, పటాన్‌చెరు చుట్టుపక్కల పల్లెల్లో ఎప్పుడో తుపాకులు పేలి ఉండాలి. పేలలేదు. ఎందుకు పేలలేదన్నది మన పరిశోధకులు పెద్దగా పట్టించుకోని ప్రశ్న. జవాబు మాత్రం అందులోనే ఉంది.

ఇక్కడి రైతుకు జరిగింది చిన్న నష్టం కాదు. రసాయన, మందుల ఫ్యాక్టరీలు వదిలిన వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి మంజీర దాకా పారాయి. చెరువులు చచ్చిపోయాయి, బోర్లలో రంగునీళ్లు వచ్చాయి, పంట పండే మళ్లు బీళ్లయ్యాయి. స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన పరీక్షల్లో పటాన్‌చెరు శుద్ధికేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. శుద్ధి చేశామని చెప్పి వదిలిన నీళ్లవి! అయినా జనం ధర్నాలు చేశారు, పాదయాత్రలు చేశారు, డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్ల వెంట నడిచారు, 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కేసు మీద ఆశ పెట్టుకున్నారు. ఆ కేసు 2001లో హైకోర్టుకు బదిలీ అయింది, ఏళ్లకేళ్లు సాగింది. పరిహారం వచ్చిన రైతుకు కూడా పోయిన భూమి తిరిగి రాలేదు. కానీ అడగడానికి ఒక చోటు ఉందన్న నమ్మకం తెగిపోలేదు.

జగిత్యాల, సిరిసిల్లల్లో తెగిపోయింది. 1978లో అక్కడి రైతుకూలీ సంఘాలు అడిగింది కూలిరేట్లు, వెట్టి రద్దు, దొరలు కలిపేసుకున్న బంజరు భూములు. చాలావరకు అప్పటికే చట్టం ఇస్తానన్నవే. ప్రభుత్వం ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. సభ పెట్టుకోవడమే నేరమైనప్పుడు సంఘం మనిషికి మిగిలేది అజ్ఞాతమే. 1980లో సాయుధ నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ పుట్టింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు బయల్దేరిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. బాధ ఎంత పెద్దదన్నదాన్ని బట్టి తుపాకీ రాలేదు. చెప్పుకునే దారి మూసుకుపోయిన చోట, ఆయుధంతో ఎదురుచూసే పార్టీ సిద్ధంగా ఉన్నప్పుడు వచ్చింది.

ఈ పోలిక సరికాదనే వారుంటారు. పటాన్‌చెరు హైదరాబాద్ పక్కనుంది, పత్రికలున్నాయి, వకీళ్లున్నారు, నష్టపోయినవాళ్లలో చాలామంది సొంత భూమి ఉన్న రైతులు. గడి నీడలో బతికిన కూలీకి అవేవీ లేవు. ఆ మాట నిజం. నా వాదనకు బలం కూడా అదే. వకీలు, విలేకరి, సంఘం, నష్టాన్ని లెక్కగట్టే జడ్జి అందుబాటులో ఉంటే అన్యాయానికి గురైన మనిషి కూడా హింస వైపు పోకుండా నిలబడగలడు. ఇవి ప్రభుత్వం ఏర్పాటు చేయగలిగినవే.

అసలు ఉద్యమాన్ని ముగించింది పోలీసులే కదా, ఈ చర్చ ఎందుకన్నది మరింత గట్టి అభ్యంతరం. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ పోలీసు దళం పాత్రను కాదనలేం. 2004 అక్టోబర్ చర్చలు విఫలమయ్యాక పీపుల్స్‌వార్ వారసులైన మావోయిస్టులు ఇక్కడ కోలుకోలేకపోయారు. 2025 మేలో మావోయిస్టు అగ్రనేత నంబాల కేశవరావు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు, అక్టోబర్‌లో మరో నేత మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయారు. అయితే 1968 నుంచి 2006 దాకా ప్రపంచంలో పనిచేసిన 648 ఉగ్రవాద ముఠాల చరిత్రను అమెరికాలోని రాండ్ సంస్థ పరిశీలించింది. అంతమైన వాటిలో 43 శాతం రాజకీయాల్లోకి వచ్చి ఆగిపోయాయి, 40 శాతం పోలీసు, నిఘా పనితో ముగిశాయి, సైనికబలంతో ముగిసినవి 7 శాతమే. పోలీసు పని గెలవాలన్నా ఊరు నమ్మి సమాచారం ఇవ్వాలి. ఆ నమ్మకం న్యాయం జరిగే చోటే పుడుతుంది. అది జరగనప్పుడు ఏమవుతుందో హైదరాబాద్‌లోనే చూశాం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పోలీసులు పట్టుకెళ్లిన ముస్లిం యువకులు తర్వాత నిర్దోషులుగా తేలారు. వేరే దర్యాప్తులో విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు వదిలేసింది. చనిపోయినవాళ్ల కుటుంబాలకు దోషి ఎవరో చెప్పే తీర్పు రాలేదు. అనుమానాన్నే పరిశోధన అనుకుంటే దక్కే ఫలితమిది.

అర్థం చేసుకోవడమంటే వెనకేసుకురావడం కాదు. ఇన్‌ఫార్మర్లన్న పేరుతో మావోయిస్టులు చంపిన పేదలను ఏ సిద్ధాంతమూ బతికించలేదు. అందుకే లొంగిపోయి వచ్చినవాళ్ల మాటలను పోలీసు విచారణ గదుల్లోనే వదిలేయకుండా, ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాలు స్వతంత్రంగా నమోదు చేయాలి. వాళ్లతోపాటే అదే ఊరి నుంచి, అదే కులం నుంచి, అదే కష్టంలో ఉండి వెళ్లనివాళ్లనూ కూర్చోబెట్టి అడగాలి. పాలకులు మాత్రం ఆ అధ్యయనం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. 2025 జూన్ 30న ఇదే పటాన్‌చెరు పక్కన పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో ఒడిశా, బిహార్, ఝార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లున్నారు. వాళ్ల కుటుంబాల కేసును 1990 నాటి కేసులా దశాబ్దాలు సాగనివ్వకండి.