ఆనందానికి మందుచీటీ

మొన్న ఉగాది సభలో ఒక వక్త మనకు ఆనందాన్ని గురించి ఉపన్యాసమిచ్చారు. సభామర్యాద కొద్దీ అప్పుడు నేను నోరు మెదపలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు ఎమ్మార్టీలో మనవాళ్ళిద్దరు, "సంతోషంలో 40 శాతం మన చేతుల్లోనే ఉందట, పరిస్థితుల వాటా 10 శాతమేనట" అని చెప్పుకోవడం విన్నాను. వైద్యుణ్ణి గనుక ఇక ఊరుకోలేక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఆ లెక్క గాలిలోంచి పుట్టినది కాదు. 2005లో సోన్యా ల్యుబోమిర్‌స్కీ, కెన్నన్ షెల్డన్, డేవిడ్ ష్కేడ్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు వేసినది. పుట్టుకతో వచ్చే స్వభావానికి 50, పరిస్థితులకు 10, మన ప్రయత్నానికి 40. అయితే వారు చెప్పినది మనిషికీ మనిషికీ మధ్య కనబడే తేడాల్లో ఏ కారణానికి ఎంత వాటా అని. నా ఒక్కడి ఆనందాన్ని గుమ్మడికాయలా కోసి ముక్కలు చూపడానికి ఆ లెక్క పనికిరాదు. పైగా అందరికీ రెండు పూటలా అన్నమున్న ఊళ్ళో లెక్క తీస్తే ఆనందానికీ అన్నానికీ సంబంధం లేదనే తేలుతుంది. అన్నంలో తేడా లేదు గదా! ల్యుబోమిర్‌స్కీ, షెల్డన్‌లే 2019లో తమ లెక్కను తిరగదోడి, 40 అన్నది ఎక్కువ అంచనా కావచ్చునని ఒప్పుకొన్నారు. పరిశోధకులు దిద్దుకున్నారు. మన వేదికల మీద మాత్రం పాత అంకెలే మోగుతున్నాయి.

ఆ శాస్త్రాన్ని నేను తీసిపారెయ్యడం లేదు. 1998లో మార్టిన్ సెలిగ్‌మన్ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడుగా ఉంటూ, మనిషి రోగాలనే కాక మనిషి బాగుండడాన్ని కూడా చదవాలన్నాడు. న్యాయమైన మాటే. మాకు వైద్య కళాశాలలో కాలేయం ఎన్ని విధాల చెడిపోతుందో నేర్పారు గాని, కులాసాగా ఉండడమంటే ఏమిటో ఒక్క పేజీ చెప్పలేదు. నా తగువంతా ఆ శాస్త్రాన్ని మనకు వడ్డిస్తున్న తీరుతో. రోజూ కృతజ్ఞతా డైరీ రాయండి, ఊపిరి గమనించండి, అద్దంలో చూసి నవ్వండి! రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వచ్చినవాడికి ఇంకో హోంవర్కు. ఇన్నీ చేసినా దిగులు తీరకపోతే? తప్పు నీదే, నీ 40 శాతాన్ని నువ్వు వాడుకోలేదు. జ్వరం తగ్గలేదని రోగినే కోప్పడే డాక్టరు దగ్గరికి మీరు రెండోసారి వెళతారా?

మనముంటున్న ఊరి సంగతే చూడండి. నిన్న బాగా నవ్వారా, మిమ్మల్ని మర్యాదగా చూశారా, కోపం వచ్చిందా, దిగులు పడ్డారా అని గాలప్ సంస్థ 140కి పైగా దేశాల్లో అడిగి 2012లో ఫలితాలు ప్రకటించింది. అలాంటి ప్రశ్నలకు అవునన్నవారు సింగపూరులో సగటున 36 శాతమే. అన్ని దేశాల్లోకీ అడుగున నిలిచాం. 2024 వరల్డ్ హ్యాపీనెస్ రిపోర్టులోనో, ఇదే సింగపూరు ప్రపంచంలో 30వది, ఆగ్నేయాసియాలో మొదటిది! 2025లో 34కి దిగింది. మొదటి సర్వే నిన్నటి మనసును అడిగింది. రెండవది, 0 నుంచి 10 దాకా మెట్లున్న నిచ్చెన మీద మీ జీవితం ఏ మెట్టున ఉందని అడిగింది. మన ఇళ్ళలోనూ ఇంతే. నిచ్చెన సంగతి అడిగితే ఏడో మెట్టనో ఎనిమిదో మెట్టనో అంటాం. పీఆర్ వచ్చింది, ఫ్లాటు కొన్నాం, పిల్లవాడికి మంచి స్కూల్లో సీటు దొరికింది. నిన్న నవ్వావా అంటే మాత్రం ఆలోచించుకోవాలి. నా దగ్గరికి వచ్చే మనవాళ్ళు "దిగులుగా ఉంది" అని చెప్పడం బహు అరుదు. "గ్యాస్ డాక్టరు గారూ, గుండె దాకా పొడుస్తోంది" అంటారు. ఈసీజీ తీస్తే శుభ్రంగా ఉంటుంది.

సంక్రాంతి వెళ్ళాక మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఎడ్ డీనర్, ఆయన సహచరులు 1985లో ప్రకటించిన ఐదు వాక్యాల ప్రశ్నపత్రాన్ని నేను తెలుగు చేసి, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా అంకె వెయ్యమన్నాను. ఐదింటిలోనూ "నేను", "నా జీవితం". అమ్మ రెండు విని ఆపమంది. "నా సంగతి వేరే ఏముందిరా, మీరు బాగుంటే నేను బాగున్నట్టే. పొద్దున పోయి రాత్రికి వస్తారు మొగుడూ పెళ్ళామూ. మీరు బాగున్నారో లేదో నాకెట్లా తెలుస్తుంది?" ఏ అంకె వెయ్యను?

హార్వర్డులో 1938లో మొదలై నేటికీ సాగుతున్న అధ్యయనం ఒకటుంది. 724 మంది మగవాళ్ళతో నడిచి, తరువాత వారి భార్యల్నీ పిల్లల్నీ కూడా కలుపుకొంది. 80 ఏళ్ళకు ఎవరు ఆరోగ్యంగా ఉంటారో చెప్పడానికి, 50వ ఏట కొలెస్టరాల్ ఎంతన్నదానికన్నా, దగ్గరివాళ్ళతో ఎంత తృప్తిగా ఉన్నారన్నదే ఎక్కువ పనికొచ్చిందని దాన్ని నడుపుతున్న రాబర్ట్ వాల్డింజర్ చెప్పారు. మన వక్త కూడా ఈ మాట చెప్పారు. చెప్పి, డైరీ దగ్గరికి వెళ్ళిపోయారు! ఒకరి దగ్గర ఒకరు కూర్చోవడానికి పొద్దు కావాలి. ఆ పొద్దును ఎవరు తినేస్తున్నారన్న ప్రశ్న రానే లేదు.

ఇంకో మాట, కొందరికి కోపం వస్తుంది. పరిస్థితులది 10 శాతమేనని చప్పట్లు కొట్టినవాళ్ళం మన ఇళ్ళలో పనిచేసేవాళ్ళ వంక ఒకసారి చూడాలి. ఇక్కడి చట్టం 2013లో ఇంటి పనివారికి వారానికొక సెలవు దినం తెచ్చింది. ఒప్పించి, డబ్బిచ్చి ఆ రోజూ పని చేయించుకోవచ్చు. అలా ఆదివారాలు కొన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. నెలకు ఒక్క రోజైనా డబ్బుకు కొనరాదని 2023 జనవరి 1 నుంచి నిబంధన పెట్టవలసి వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో ఉన్న అమ్మాయిది జావా. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. ఇద్దరిదీ సైగల సంభాషణ. ఆమెకు ఇద్దరు పిల్లలున్నారని, చిన్నదానికి ఆయాసమని అమ్మ మూడు రోజుల్లో తెలుసుకుంది. రెండేళ్ళుగా జీతమిస్తున్న డాక్టర్ని, నాకు తెలియదు. కృతజ్ఞతా డైరీ ఒకటి కొని ఆమె చేతికివ్వమంటారా?

వచ్చే నెల అదే వక్తతో రెండో సభ తలపెట్టారని విన్నాను. కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఆ హాలునూ ఆ మూడు గంటలనూ విజిట్ పాసుల మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇవ్వండి. మైకు వద్దు. కాఫీ, పేకముక్కలు, దగ్గరగా వేసిన కుర్చీలు చాలు. ఆదివారం గనుక టిఫిన్లు పనమ్మాయిల చేత చేయించవద్దు. ఉప్మా నేను చేసుకొస్తాను, ఉప్పు ఎక్కువైతే క్షమించాలి. సెంగ్‌కాంగ్, పుంగోల్ వైపు నుంచి రావలసిన పెద్దవాళ్ళుంటే ముందుగా కబురు చెయ్యండి. ముందు సీట్లో అమ్మ కూర్చుంటుంది. వెనక ముగ్గురికి చోటుంది.