అడిగి, ఆగండి

ఇడ్లీ పెట్టనా, ఉప్మా పెట్టనా అని నాలుగేళ్ల పిల్లను అడిగితే జవాబు వెంటనే వస్తుంది. అదే పిల్లకు సెరిబ్రల్ పాల్సీ ఉంటే అర నిమిషం పట్టొచ్చు. పుట్టకముందో, కాన్పు సమయంలోనో, ఆ తర్వాతి రోజుల్లోనో మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కండరాలు చెప్పిన మాట వినవు. మెడ తిప్పాలన్నా పెదవి కదపాలన్నా పెనుగులాటే. ఈలోగా ముద్ద నోట్లో పడిపోతుంది. స్నానం, గౌను, నిద్ర అన్నీ అంతే. తను చెప్పినా చెప్పకపోయినా జరిగేది జరుగుతుందని పిల్ల నేర్చుకుంటుంది, అడగడం మానేస్తుంది. అప్పుడు మనం ‘పాపం, దానికేం తెలీదు’ అంటాం. నిజానికి సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో దాదాపు సగం మందికి బుద్ధిమాంద్యం ఉండదు. ఉన్న పిల్లలకైనా ఇష్టాయిష్టాలు లేకుండా పోవు.

గొలుగొండ, నాతవరం, ఆపైన కొయ్యూరు, చింతపల్లి నుంచి బిడ్డను చంకనేసుకుని నర్సీపట్నం వచ్చే తల్లికి ఎదురయ్యే ప్రశ్నలు తెలిసినవే: నడుస్తుందా, సదరం వైకల్య పరీక్షలో ఎంత శాతం వచ్చింది, పింఛను వస్తోందా? 2024 జులై నుంచి 6 వేలకు పెరిగిన పింఛను ఆ ఇంటికి ఊపిరి, కాదనను. కానీ ఈ బిడ్డ ‘అవును’ ఎలా చెబుతుంది, ‘వద్దు’ ఎలా చెబుతుంది అని అడిగేవారేరీ? 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 4వ సెక్షన్, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు ఈ పిల్లలకూ ఉందని, అందుకు వయసుకు తగ్గ సాయం అందించాలని అంటోంది. రిజర్వేషన్లు, బస్సు పాసుల చర్చలో ఈ వాక్యం ఎవరికీ గుర్తుండదు. చెప్పే వీలు దొరికితే ఏమవుతుందో చూడండి: ముంబైలో మాలినీ చిబ్ సెరిబ్రల్ పాల్సీతోనే పెరిగి, ఒక్క వేలితో టైపు చేస్తూ తన జీవితకథ రాసింది. 2010లో ‘వన్ లిటిల్ ఫింగర్’ పేరుతో వచ్చింది. అయితే ఆమె తల్లి మిథు ఆలూర్ 1972లో ఏకంగా స్పాస్టిక్స్ సొసైటీనే స్థాపించిన మనిషి. ఆ వసతి మన్యం తల్లికి లేదు. ఆగి వినడానికి మాత్రం సంస్థ అక్కర్లేదు.

కూలికి పోవాల్సిన తల్లికి అంత తీరికెక్కడిది అంటారు. న్యాయమైన మాటే. ప్రతి ముద్దకూ ఆగమనడం లేదు. రోజుకు రెండు సందర్భాలు చాలు. రెండు గౌన్లు ఎదురుగా పట్టుకుని, చూపు ఎటు నిలుస్తుందో కనిపెట్టి, అదే తొడగాలి. అడిగి మరొకటి తొడిగితే అడగకపోవడమే నయం. వద్దంటే ఫిజియోథెరపీ మానేయాలా అన్నది ఇంకో ప్రశ్న. అక్కర్లేదు. పోలియో చుక్కలకు ఏ బిడ్డ అనుమతీ తీసుకోం. వ్యాయామం తప్పదు, ముందు ఏ కాలు, స్నానానికి ముందా తర్వాతా అన్నది పిల్ల చెప్పొచ్చు. ఇలాగైతే మొండికేస్తుందని పెద్దవాళ్ల భయం. వేయనివ్వండి. ఇన్నాళ్లూ ‘వద్దు’ అనే వీలే లేని బిడ్డ మొండికేసిందంటే, తన మాటకు విలువుందని గ్రహించిందన్నమాట.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల టీచర్లకు, ఆశా కార్యకర్తలకు ఒక విన్నపం. ఈ బిడ్డ అవునంటే ఏం చేస్తుంది, వద్దంటే ఏం చేస్తుంది, ఎంతసేపు ఆగాలి అన్న మూడు ముక్కలు తల్లిని అడిగి ఒక కాగితం మీద రాసివ్వండి. ఆస్పత్రికి వెళ్లినప్పుడు సదరం సర్టిఫికెట్ కంటే ముందు ఆ కాగితం డాక్టరు బల్ల మీద పెట్టమనండి.