సోఫా కొనేముందు...

షోరూమ్‌లో ముచ్చటగా కనిపించిన సోఫా ఇంటికొచ్చేసరికి హాలంతా ఆక్రమించేస్తుంది. అక్కడి విశాలమైన హాలు చూసి మోసపోవడమే చాలామంది చేసే పొరపాటు. మూడు సీట్ల సోఫా పొడవే 6 నుంచి 7 అడుగులు ఉంటుంది మరి! అందుకే ముందుగా కొలతలు అడిగి, హాల్లో అంతమేర పాత పేపర్లు పరిచి చూడండి. తలుపులు పూర్తిగా తెరుచుకోవాలి. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య అడుగున్నర, నడిచే దారికి కనీసం రెండున్నర అడుగులు వదలాలి. వాకర్‌తో నడిచే పెద్దవాళ్లుంటే 3 అడుగులు తప్పనిసరి. రాత్రివేళ టీపాయ్ అంచు కాలికి తగిలి పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదముంది. గుమ్మం, మెట్ల మలుపు, లిఫ్టు కొలతలూ రాసుకోండి. ఇరుకనిపిస్తే రెండు సీట్ల సోఫా, రెండు తేలికపాటి కుర్చీలు చాలు. చుట్టాలొస్తే కుర్చీలు అటూ ఇటూ జరుపుకోవచ్చు.