రోడియో బరిలో ముగ్గురు

ప్రేమకథల సంచికకు 1952 నాటి హాలీవుడ్ చిత్రం ‘ది లస్టీ మెన్’ మంచి ముఖద్వారం. నికొలస్ రే తీసిన ఈ చిత్రంలో జెఫ్ (రాబర్ట్ మిచమ్) పొగరు గుర్రాలు, ఎద్దుల మీద స్వారీ చేసే రోడియో పందేల్లో ఒకప్పటి మొనగాడు. ఎద్దు దెబ్బకు ఒళ్లు హూనమై, చేతిలో చిల్లిగవ్వ లేకుండా చిన్ననాటి ఇంటికి చేరతాడు. ఆ ఇల్లే కొనుక్కోవాలని పైసా పైసా కూడబెడుతున్నారు వెస్, అతని భార్య లూయీజ్. గెలుపులో సగం వాటాకు వెస్‌ను బరిలోకి దించుతాడు జెఫ్. మనసు మాత్రం లూయీజ్ మీద పడుతుంది.

ఆ పందేల్లో పొగరు గుర్రం మీద నిలవాల్సింది నేటి లెక్కలో 8 సెకన్లే. ఖాళీ చెయ్యి జంతువుకు తగిలితే స్వారీ చెల్లదు. మార్కుల్లో సగం రౌతుకు, సగం జంతువు జోరుకు.

ఈ చిత్రానికి ప్రాణం సూసన్ హేవర్డ్ వేసిన లూయీజ్ పాత్ర. ఆమె ఇద్దరు మగవాళ్ల పోటీలో బహుమానం కాదు. దుమ్ములో, ట్రైలర్ల మధ్య భర్త క్షేమం కోసం ఎదురుచూసే తోటి భార్యల బతుకులు చూసింది. అడిగేది ఒక సొంతిల్లు. జెఫ్‌ను కాదనగలిగే ఆ నిబ్బరం వల్లే కథ చౌకబారు మలుపు తిరగలేదు. జెఫ్ మళ్లీ బరిలో దిగి ప్రాణం పోగొట్టుకుంటాడు. వెస్ పందేలు మానేస్తాడు.

కథకు ఆధారం క్లాడ్ స్టానుష్ ‘లైఫ్’ పత్రికకు రాసిన వ్యాసం.