ములాఖత్ దూరం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళకు చంచల్‌గూడ జైలు పక్కనే. ఎల్.బి.నగర్ నుంచి చర్లపల్లికైనా నాగోలు, ఉప్పల్ మీదుగా బండి మీద పోయి పూటలో తిరిగిరావచ్చు. వరంగల్ మనిషికి అదే సుమారు 150 కిలోమీటర్లు, రానూపోనూ 300. 1886 నాటి వరంగల్ కేంద్ర కారాగారాన్ని 2021లో ఆసుపత్రి కోసం కూల్చి, ఖైదీలను చర్లపల్లి తదితర జైళ్ళకు తరలించారు. ఆసుపత్రి వద్దని ఎవరంటారు? కానీ ఖైదీ భార్య పోగొట్టుకునే కూలి మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్ లేదు. మంచిదే. అయితే ఉప్పల్‌లో దిగి మరో బస్సు పట్టుకునేసరికి ములాఖత్ వేళ దాటితే ఆ రోజంతా వృథా. అందుకని తమ్ముణ్ణో మరిదినో బతిమాలి, చీకటితోనే బండి వెనక కూర్చునే స్త్రీలున్నారు. పెట్రోలు డబ్బులు ఆమెవి, ఎప్పుడు బయల్దేరాలో చెప్పేది అతను. (ఊళ్ళో మాటలు సరేసరి.)

ఖైదీలను వీలైనంతవరకు ఇంటికి దగ్గరి జైల్లోనే ఉంచాలని 2015 నాటి ఐక్యరాజ్యసమితి నెల్సన్ మండేలా నియమాలు అంటాయి. మహిళా ఖైదీలకైతే పిల్లల బాధ్యతను కూడా చూడాలని 2010 నాటి బ్యాంకాక్ నియమాలు చెబుతాయి. జైలు మార్చేముందు కుటుంబాన్ని అడగాలనీ, దూరం నుంచి వచ్చినవాళ్ళకు వేళ దాటినా ములాఖత్ ఇవ్వాలనీ జైళ్ళ శాఖను మన సంఘాలు నిలదీయాలి.