బోర్డు పోయిందా? అందులో ఏది పోయింది?

2016లో మన హాస్టల్ టీవీ ఆగిపోయింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. స్విచ్ వేస్తే ఎర్ర లైటు మినుకుమినుకుమనేది, బొమ్మ మాత్రం వచ్చేది కాదు. మెకానిక్ వచ్చి "బోర్డు పోయింది, కొత్తది వేయాలి" అన్నాడు. ఖర్చు విని వార్డెన్ సార్ టీవీని స్టోర్ రూములో పెట్టించారు. దసరా సెలవుల తర్వాత మమ్మల్ని చూడడానికి వచ్చిన ఒక పూర్వ విద్యార్థి, ఐటీఐ చదివిన అన్న, దాన్ని విప్పాడు. పవర్ బోర్డు మీద ఒక కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. ఇరవై రూపాయల్లోపు సామానుతో ఆ రాత్రే బొమ్మ వచ్చింది.

ఎవరైనా "బోర్డు పోయింది" అంటే "అందులో ఏది పోయింది?" అని అడగాలన్నది అప్పటి నుంచి నా అభిప్రాయం.

నేనిప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి. సెలవుల్లో ఆ అన్న షాపులో కూర్చుని కొంత నేర్చుకున్నాను. అన్న ముందు కళ్లతో చూస్తాడు: ఉబ్బిన కెపాసిటర్, నల్లబడిన రెసిస్టర్, పగిలిన సోల్డర్. తర్వాత మల్టీమీటర్‌తో ఒక్కో చోట వోల్టేజీ చూస్తాడు. ఎక్కడిదాకా వస్తోందో, ఎక్కడ ఆగిందో తెలిస్తే వెతకాల్సిన చోటు చిన్నదవుతుంది. మాట వస్తూ బొమ్మ రాకపోతే చీకట్లో తెర మీద టార్చి వేస్తాడు. లీలగా బొమ్మ కనబడితే వెనుక లైట్ల వైపు వెతుకుతాడు. ఆ ఎల్ఈడీలు సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగినా ఆ వరుసంతా ఆరిపోతుంది. ఫ్యూజు కాలితే వెంటనే కొత్తది వేయడు. ఎక్కడో షార్ట్ ఉంటే అదీ కాలిపోతుంది.

తమ్ముళ్లూ, ఒక హెచ్చరిక. ప్లగ్గు తీసినా పవర్ బోర్డులోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. పని తెలిసినవారు పక్కన లేకుండా టీవీ విప్పకండి.

షాపువాళ్ల ఇబ్బందీ నిజమే. ఇప్పటి బోర్డుల మీద బియ్యపు గింజ కంటే చిన్న భాగాలుంటాయి. చాలా మోడళ్లకు సర్క్యూట్ పటం దొరకదు. గంటల తరబడి వెతికితే కూలి గిట్టదు. మెయిన్ ఐసీ కాలితే బోర్డు మార్చడమే మేలు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ ప్రారంభించింది. గృహోపకరణాలు కూడా దాని పరిధిలోకి వస్తాయి. కానీ విప్పి వెతికే చేతులు లేకపోతే హక్కు ఉండీ ఏం లాభం?

ఇది టీవీలకే సంబంధించిన మాట కాదు. అదే ఏడాది క్వార్టర్లీలో నాకు లెక్కల్లో పద్నాలుగు మార్కులు వచ్చాయి. "వీడికి లెక్కలు రావు" అన్నారు. అదీ "బోర్డు పోయింది" లాంటి మాటే. నాకు రానివి భిన్నాలు. ఐదో తరగతిలో అమ్మానాన్నలతో ఇటుక బట్టీలకు వెళ్లడంతో ఆ పాఠాలు వినలేదు. మన ట్యూటర్ సార్ ఒక్కో తరగతీ వెనక్కి వెళ్లి ఆ సంగతి పట్టుకున్నారు. లేకపోతే నేను పదో తరగతి దాటేవాణ్ణి కాదు.

అందుకే పూర్వ విద్యార్థులకు నా విన్నపం. వార్షికోత్సవానికి హాస్టల్‌కు ఏదైనా ఇవ్వాలనుకుంటే ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్ ఇవ్వండి. పని తెలిసినవారు నెలకొక ఆదివారం వచ్చి దగ్గరుండి నేర్పండి. స్టోర్ రూములో రెండు ఫ్యాన్లు, ఒక మిక్సీ ఇప్పటికే ఎదురుచూస్తున్నాయి.