వకీలు మొదటి రోజే రావాలె

తెల్లారి పంపిస్తమని చెప్పి తీసుకపోయిన కొడుకు ఇంటికి రావడానికి 31 ఏండ్లు పట్టింది. తమిళనాడులోని జోలార్‌పేటకు చెందిన అర్పుతమ్మాళ్ గోస ఇది. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. మూడు వారాలకు, జూన్ 11న, సీబీఐ వాళ్లు అడిగితే ఆ తల్లిదండ్రులే తమ కొడుకు పేరరివాలన్‌ను మద్రాసులో వాళ్లకు అప్పజెప్పిండ్రు. పిల్లవానికి అప్పటికి 19 ఏండ్లు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివిండు. తండ్రి బడిపంతులు, కవి. పెరియార్ బాటలో నడిచే ఇల్లు. తప్పు చేయనోనికి భయమెందుకని అనుకున్నరు. ఏ ఊరి తల్లిదండ్రులైనా అట్లనే అనుకుంటరు.

ఆ తర్వాత పోలీసులు వాంగ్మూలం రాసుకున్నప్పుడు పిల్లవాని పక్కన వకీలు లేడు. ఈ కథలో జరిగిన అన్యాయం చాలామట్టుకు ఆ ఖాళీ కుర్చీలోంచే పుట్టింది.

పేరరివాలన్ మీద మోపిన ప్రధాన ఆరోపణ రెండు 9 వోల్టుల బ్యాటరీలు కొనిచ్చిండని. బాంబు కోసమని తెలిసే కొన్నడని ప్రాసిక్యూషన్ వాదన. తెలిసే కొన్నడనడానికి ఆధారమేంది? టాడా చట్టం కింద పోలీసు అధికారి రాసుకున్న వాంగ్మూలం. మామూలు చట్టంలో పోలీసుల ముందర ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. టాడా ఆ రక్షణను తీసేసింది. 2013లో, ఆ వాంగ్మూలం రాసుకున్న సీబీఐ మాజీ అధికారి వి. త్యాగరాజన్ తనంత తానే బయటికొచ్చి ఒక సంగతి చెప్పిండు. బ్యాటరీలు దేనికోసమో తనకు తెల్వదని పేరరివాలన్ అన్న మాటను తాను అప్పుడు రాయలేదట! ఒక్క వాక్యం. ఉరికొయ్యకూ ఇంటి గడపకూ నడుమ ఉన్న వాక్యం. ఆ గదిలో ఒక జూనియర్ వకీలు కూసుండి, చెప్పింది మొత్తం రాయండి సార్ అని ఉంటే ఏమయ్యేది?

1998 జనవరిలో పూనమల్లి ప్రత్యేక కోర్టు 26 మందికి ఉరిశిక్ష వేసింది. తలుపులు మూసి నడిపిన విచారణ అది. టాడా కేసు కాబట్టి హైకోర్టుకు అప్పీలు లేదు, సీదా సుప్రీంకోర్టే. ఢిల్లీకి దారిఖర్చులే లేని ఇండ్లకు ఢిల్లీ వకీలు ఎట్ల దొరుకుతడు? పళ నెడుమారన్ లాంటి వాళ్లు కమిటీ కట్టి, చందాలు పోగుచేసి కేసు నడిపించిండ్రు. 1999 మే 11న సుప్రీంకోర్టు అందులో 19 మందిని వదిలిపెట్టింది. గట్టిగా వాదించేటోళ్లు దొరకకుంటే ఆ 19 మంది గతేంది? అసలు ఇది టాడా కిందికొచ్చే నేరమే కాదని కూడా అదే కోర్టు అన్నది. అయినా టాడా కింద తీసుకున్న వాంగ్మూలం చెల్లుతదన్నది. పేరరివాలన్‌తో కలిపి నలుగురికి ఉరి ఖాయం చేసింది.

ఇక అక్కడి నుంచి తల్లి తండ్లాట. జైలు, కోర్టు, సెక్రటేరియట్, వకీళ్ల ఇండ్లు. రాష్ట్రపతి దగ్గర క్షమాభిక్ష అర్జీ 11 ఏండ్లు పడి ఉన్నది. 2011 ఆగస్టులో తిరస్కరించి, సెప్టెంబర్ 9న ఉరి అని తారీఖు పెట్టిండ్రు. ఇంక పది రోజులే ఉన్నయనంగా, ఆగస్టు 30న, మద్రాసు హైకోర్టు స్టే ఇచ్చింది. వాదించింది రాం జెఠ్మలానీ. దేశంలోనే పెద్ద వకీలు వచ్చిండు, నిజమే. 20 ఏండ్లకు వచ్చిండు. కొడుకు సావు తారీఖును ఇంట్ల క్యాలెండర్‌లో చూసుకున్న తల్లి సంగతి ఏ జడ్జిమెంటులో రాస్తరు?

ఆ లోపల ఉన్నోని మనసు సంగతి మాత్రం ఒక జడ్జిమెంటులో రాసిండ్రు. 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు, క్షమాభిక్షను ఏండ్ల తరబడి నానబెట్టడం ఖైదీని చిత్రహింస పెట్టడమేనని తేల్చింది. దాని వెన్కనే ఫిబ్రవరి 18న పేరరివాలన్ ఉరి యావజ్జీవంగా మారింది. తొలిసారి పెరోల్ దొరికింది 2017 ఆగస్టులో, 26 ఏండ్లకు. 2018 సెప్టెంబర్‌లో తమిళనాడు కేబినెట్ విడుదలకు సిఫారసు చేస్తే గవర్నర్ దాని మీద కూసున్నడు. చివరికి 2022 మే 18న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు బెంచీ 142వ అధికరణం కింద విడుదల చేసింది. పందొమ్మిదేండ్లకు పోయిన పిల్లవాడు యాభై ఏండ్లకు ఇల్లు చేరిండు.

చచ్చిపోయినోళ్లవి ప్రాణాలు కావా అని కొందరడుగుతరు. కావని ఎవరన్నరు? అందుకే అసలు దోషి తేలాలె. వాంగ్మూలంలో వాక్యాలు మింగితే దోషి తేలడు.

అర్పుతమ్మాళ్ వెన్క ఒక ఉద్యమం నిలబడ్డది. మన దగ్గర ఉద్యమం రోజుల్లో విద్యార్థుల మీద కేసులైతే వకీళ్లు ఫీజు ముచ్చటెత్తకుంట కోర్టుల నిలబడ్డరు. ఏ ఉద్యమమూ లేని తల్లి సంగతేంది? సెల్‌ఫోన్ దొంగతనమనో, కొట్లాటనో పోలీసులు ఎత్తుకపోయిన కొడుకు కోసం ఠాణా ముందర చెట్టు కింద కూసున్న తల్లికి ఎవరు దిక్కు? 2022 చివరికి దేశం జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. శిక్ష పడకుండానే శిక్ష అనుభవిస్తున్నోళ్లు.

చట్టం లేక కాదు ఈ గోస. న్యాయసేవల చట్టం 1987లోనే వచ్చింది. కస్టడీలో ఉన్నోళ్లకు ఆదాయంతో పని లేకుండా సర్కారే వకీలును పెట్టాలని దాని 12వ సెక్షన్ చెప్తది. అంతకన్న ముందే, 1980లో, ఖత్రీ కేసులో సుప్రీంకోర్టు, మొదటిసారి మేజిస్ట్రేటు ముందర నిలబెట్టిన నాడే వకీలును ఇయ్యాలని చెప్పింది. అడగలేదు కాబట్టి ఇయ్యలేదనే సాకు చెల్లదు. మరి ఎన్ని కోర్టుల్లో మేజిస్ట్రేటు తలెత్తి, నీకు వకీలున్నడా అని అడుగుతున్నడు?

కొడుకుకు 18 నిండలేదా? 2015 బాలల న్యాయ చట్టం కింద ఆ సంగతి కేసు ఏ దశలోనైనా, శిక్ష పడినంక కూడా లేవనెత్తొచ్చు. బడి సర్టిఫికెట్, టెన్త్ మెమో ఉంటే వాటినే ముందు చూడాలె, ఎముకల పరీక్ష ఆఖరుకు. ఆ కాగితం ట్రంకుపెట్టెలో పెట్టుకొని జైలు చుట్టూ తిరిగే తల్లికి ఈ ముక్క చెప్పేటోడే లేడు. జమానతు వచ్చినా పూచీకత్తుదారులు దొరకక పిల్లగాడు లోపలనే ఉన్నడా? వారంలో విడుదల కాకపోతే జైలు అధికారి న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశమిచ్చింది.

మనసు సంగతి అయితే ఇంకా అన్యాయం. ములాఖత్‌కు పోతే కొడుకు మాట్లాడడు, అన్నం తినడు, మనిషిని చూస్తే ముడుచుకపోతడు. నాటకాలు ఆడుతున్నడని వార్డరు అంటడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఖైదీకి వైద్యం అందాలె, అవసరమైతే మానసిక వైద్యశాలకు మార్చాలె. వకీలుంటే డాక్టరుకు చూపించమని ఆ రోజే కోర్టులో పిటిషనేస్తడు. వకీలు లేకుంటే తల్లి ఏడుస్తది, అంతే.

తల్లి వకీలును వెతుక్కుంట తిరగొద్దు, వకీలే తల్లి దగ్గరికి రావాలె. డ్యూటీలో ఉన్న సర్కారీ వకీలు పేరు, ఫోన్ నంబరు ప్రతి ఠాణా గోడ మీద తెలుగులో, ఉర్దూలో పెద్దక్షరాలతో రాయించమని ప్రతి జిల్లాలో మనం అడగాలె. జైలుకు పోయిన ప్రతి కొత్త పిల్లవానికి మొదటి వారంలోనే మానసిక వైద్యుని పరీక్ష జరిపించమనాలె. అప్పటిదాకా ఇంటిపక్కన ఎవరి కొడుకునైనా తీసుకపోతే, ఆ తల్లి వెంట జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ దాకా నడవండి. ఫీజు లేదు, తెల్లకాగితం మీద అర్జీ చాలు. పిల్లవాని పేరు, ఠాణా, తీసుకపోయిన తారీఖు, గంట రాయాలె. ఒంటి మీద, మనసు మీద కనపడ్డది రాయాలె. ఫోన్ చేయడానికి 15100.